ఉడుత సంతకం

పోయిన వారం ఉచితమ్మను మనం మీటింగు గది గుమ్మంలో, తలుపు పిడి మీద చెయ్యి వేసి నిలబడి ఉండగా వదిలేశాం. లోపల ఆమె ఉద్యోగం తీసెయ్యాలా వద్దా అన్న మాటే నడుస్తోంది. ఆ మాటలు ఆమె చెవిన పడ్డాయి. పడ్డాయని లోపలివాళ్ళకు తెలియదు.

ఈ వారమే మొదటిసారి ఈ కథ పట్టుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అది మందుల్ని చల్లగా దాచి ఆసుపత్రులకు చేరవేసే కంపెనీ. పదకొండు శీతల గిడ్డంగులు, నూట నలభై వ్యాన్లు. టీకాలు, ఇన్సులిన్, రక్తం సంచులు ఎక్కడ ఏ పెట్టెలో ఎంత చల్లగా ఉన్నాయో కనిపెట్టి, వేడెక్కితే గంట కొట్టే సాఫ్ట్‌వేర్ పేరు దారం. అది ఓపెన్ సోర్స్ రకం. అంటే దాని లోపలి రాతంతా తెరిచే ఉంటుంది. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, వాడుకోవచ్చు. రెండేళ్ళ కిందట సిస్టమ్స్ మేనేజరు పట్టుబట్టి దాన్ని తెప్పించింది. ఆ రోజు నుంచే ఆఫీసులో వెనకాల ఆమెకు ఉచితమ్మ అని పేరు. మొదట్లో ఉడుక్కునేది. తర్వాత అలవాటైపోయింది.

పది రోజుల కిందట దారం తయారుచేసిన కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇకమీదట పెద్ద సంస్థలు ఊరికే వాడుకోవడానికి వీల్లేదు, ఏటేటా రుసుము కట్టాలి, ఒప్పందం మీద సంతకం పెట్టాలి అని. అది చాలదన్నట్టు అయిదు రోజుల కిందట దారంలో ఒక కంత బయటపడింది. ఎవడైనా దొంగచాటుగా దూరి వ్యాన్లలోని చల్లదనం అంకెలు మార్చెయ్యగల కంత. దాన్ని పూడ్చే మరమ్మతు సిద్ధంగానే ఉంది. కానీ కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్ళకే ఇస్తారట. గడువు ఈ సాయంత్రం అయిదు గంటలు.

ఉచితమ్మ తలుపు తోసింది.

కోడిగుడ్డు ఆకారపు బల్ల. ఈ చివర పెద్దాయన. ఈ కంపెనీ పెట్టిన మనిషి. ఆయన పక్కన అల్లుడు. లెక్కాపత్రాలన్నీ అతని చేతి మీదుగానే నడుస్తాయి. ఆఫీసులో మామను సార్ అనే పిలుస్తాడు. కానీ ఆ సార్ అనడంలోనే తానెవరో అందరికీ గుర్తు చేస్తాడు. ఇటువైపు కంపెనీ లాయరమ్మ, ముందు ల్యాప్‌టాప్. ఎదురుగా దారం కంపెనీ తరఫున వచ్చినవాడు. ఎంత కఠినమైన మాటనైనా పూలదండ వేసినట్టు చెబుతాడని ఆఫీసులో అతనికి మెత్తనయ్య అని పేరు పెట్టారు.

"రండి మేడమ్, నూరేళ్ళు మీకు. ఇప్పుడే మీ గురించి అనుకుంటున్నాం," అన్నాడు అల్లుడు.

"విన్నానండీ," అంది ఆమె, కుర్చీ లాక్కుంటూ.



"విన్నారు కాబట్టి మళ్ళీ చెప్పక్కర్లేదు," అని అల్లుడు సర్దుకున్నాడు. "ఊరికే వస్తే నాకొకటి, మా అన్నకొకటి అన్నట్టు తెచ్చిపెట్టారు. ఆ రోజే నేను వద్దన్నాను. ఇప్పుడేమైంది? ఉరితాడు మన మెడకి, కొస ఆయన చేతికి."

"ఉరి లాంటి మాటలు ఎందుకు సార్," అన్నాడు మెత్తనయ్య, అతి మృదువుగా. "మేమూ బతకాలి కదా. ఎనిమిదేళ్ళుగా రాస్తున్నాం. మీలాంటి కంపెనీలు మూడొందల దాకా వాడుతున్నాయి. వాళ్ళలో మాకు మరమ్మతుల కాంట్రాక్టు ఇచ్చి ఆదుకున్నవి ఎన్నో చెప్పనా? ఆరు. ఇరవైరెండు మందిమి ఉండేవాళ్ళం. తొమ్మిది మందిమి మిగిలాం."

ఉచితమ్మ ఆ మాట కాదనలేకపోయింది. కాంట్రాక్టు తీసుకుందామని రెండేళ్ళుగా బడ్జెట్టులో రాస్తోంది. రాసినప్పుడల్లా అల్లుడు కొట్టేస్తున్నాడు. అయినా ఇప్పుడు ఆ మాట ఎత్తితే తప్పించుకోవడానికి అన్నట్టుంటుంది.

"మీ కష్టం చెప్పి ధర అడిగుంటే కూర్చుని మాట్లాడేవాళ్ళమండీ," అంది. "కంత చూపించి, పూడ్చే మట్టి జేబులో పెట్టుకుని, అయిదింటికల్లా తేల్చమంటున్నారు. ఈలోపు వ్యాన్లో ఇన్సులిన్ ఉడికిపోతే ఎవరికి చెప్పుకోవాలి?"

మెత్తనయ్య నవ్వాడు. 

"ఆగండి," అన్నారు పెద్దాయన. ఆయన గొంతు పెంచరు. తగ్గిస్తారు. ఆయన గొంతు తగ్గిందంటే బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ముందుకు వంగాల్సిందే. "నాకు మీ కంప్యూటరు భాష రాదు. మామూలుగా చెప్పండి. ఇది ఎప్పటికీ తెరిచే ఉంటుంది, ఎవరూ మన దగ్గర్నుంచి లాక్కోలేరు అని రెండేళ్ళ కిందట ఈ అమ్మాయి ఈ గదిలోనే నాకు చెప్పింది. ఇవాళ ఈయనొచ్చి, తాళం వేశాం, తాళంచెవికి డబ్బు కట్టమంటున్నాడు. ఇద్దరిలో అబద్ధం ఎవరిది?"

"అదే నేనూ తవ్వుతున్నానండీ," అంది లాయరమ్మ. ఆమె పొడి మనిషి. అనవసరంగా ఒక్క మాట ఖర్చు పెట్టదు. "ఇది ఒకళ్ళు రాసింది కాదు. ముప్పైఏడుగురు రాశారు. కొందరు దారం కంపెనీ జీతగాళ్ళు, మిగతావాళ్ళు ఊరికే సాయపడ్డ బయటివాళ్ళు. ఎవరు రాసిన ముక్క మీద హక్కు వాళ్ళదే. దారంతో పాటు వచ్చిన పాత లైసెన్సు ప్రకారం తెరిచి ఇచ్చింది తెరిచే ఇవ్వాలి. ఆ షరతు మార్చాలంటే ముప్పైఏడుగురూ హక్కులు వీళ్ళకి రాసివ్వాలి. వీళ్ళు నాకు ముప్పైఆరు సంతకాలు చూపించారు."

"ముప్పైఏడోది?" అన్నారు పెద్దాయన.

"వస్తోందండీ. చిన్న లాంఛనం," అన్నాడు మెత్తనయ్య. అతని నవ్వు మాత్రం ఒక్క క్షణం ఎక్కడో చిక్కుకుంది.

లాయరమ్మ ల్యాప్‌టాప్‌ను గోడ మీది తెరకు కలిపింది. "లాంఛనమో కాదో మీరే చూడండి. ఆ ముప్పైఏడో మనిషి పేరు ఎవరికీ తెలియదు. ఉడుత అని మారుపేరు పెట్టుకుని రాశాడు. రాసింది ఏ మూలో ముక్క కాదు. పెట్టె వేడెక్కితే ఎవరికి చెప్పాలి, ఎన్నిసార్లు చెప్పాలి, వాళ్ళు పలక్కపోతే ఇంకెవరికి చెప్పాలి, ఆ గంట కొట్టే భాగమంతా ఇతనిదే. అది తీసేస్తే దారంలో మిగిలేవి ముడులే."

తెర మీద ఉడుత చేసిన మార్పులు వరసగా కనిపించాయి. ప్రతి మార్పు పక్కనా ఎందుకు చేశాడో రెండు మాటలు రాసి ఉన్నాయి. లాయరమ్మ ఒకటి చదివింది.

"గొంతు చించుకునేవాడి మాట ఎవరూ వినరు. మూడుసార్లు కొట్టి ఆగాలి. నాలుగోసారి పై అధికారికి కొట్టాలి."

పెద్దాయన మీసాల్లో నవ్వుకున్నారు. "వీడెవడో పని తెలిసినవాడు."

"ఇంకోటి వినండి. లైను కలవలేదంటే అవతల మనిషి లేడని కాదు. ఇంకోసారి తిప్పి చూడు."

ఉచితమ్మ చేతులు బల్ల కిందికి జారిపోయాయి.

ఆ మాట ఆమె మొదటిసారి విన్నది పెళ్ళయిన ఏడాదికి. తమకు నచ్చని పెళ్ళి చేసుకుందని పుట్టింటివాళ్ళు మాట్లాడడం మానేసిన రోజుల్లో, ఫోను పక్కన కూర్చుని ఏడుస్తున్న కోడలికి మామగారు చెప్పిన మాట అది. లైను కలవలేదంటే అవతల మనిషి లేడని కాదమ్మా, ఇంకోసారి తిప్పి చూడు. తిప్పి చూసింది. పదకొండోసారికి తల్లి ఫోనెత్తింది. ముప్పైనాలుగేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇంజనీరుగా చేసిన ఆ మనిషి తప్ప ఈ లోకంలో ఇంకెవరూ ఆ మాట అలా అనరు.

"మేడమ్, ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు అల్లుడు.

"సార్," అంది ఆమె, అతని వైపు కాక పెద్దాయన వైపు తిరిగి. "నాకు నాలుగింటిదాకా టైమ్ ఇవ్వండి. ఒక మనిషిని కలవాలి."

"ఎవర్ని?"

"వచ్చాక మీకే చెప్తాను. ఇప్పుడడక్కండి."

పెద్దాయన ఆమెను చాలాసేపు చూశారు. "నాలుగు. ఆ తర్వాత ఒక్క నిమిషం దాటినా ఈయన కాగితం మీద సంతకం పెట్టేస్తాను. దాని వెనకే నీ కాగితం మీద కూడా."

*

ఇల్లు మూడో అంతస్తులో. మెట్లెక్కుతుంటే ఉచితమ్మకు ఒకటే ఆలోచన. తాను పొరబడి ఉంటే బాగుండు. వెంటనే ఇంకోటి. పొరబడి ఉంటే తన పని అయిపోయినట్టే.

మామగారు వెనక గదిలో కంప్యూటరు ముందే ఉన్నారు. నాలుగేళ్ళ కిందట అత్తగారు కాలం చేశాక ఆయనకు పొద్దు పోవడం లేదని ఆ కంప్యూటరు కొని పెట్టింది ఉచితమ్మే. ఆయన అందులో చదరంగం ఆడుకుంటారని ఇంటిల్లిపాదీ అనుకుంటారు. చదరంగంలో ఎప్పుడూ ఓడిపోతున్నట్టు ముఖం పెట్టుకుంటారు కాబట్టి ఎవరూ దగ్గరికెళ్ళి చూడలేదు.

"ఈ వేళప్పుడు వచ్చావేంటమ్మా? జ్వరమా?"

"మామయ్యగారూ, ఉడుత ఎవరు?"

ఆయన కళ్ళజోడు తీశారు.  

"ఎవరు చెప్పారు?"

"మీరే. లైను కలవలేదంటే అవతల మనిషి లేడని కాదు అని మా మీటింగు గోడ మీద ఇంత లావు అక్షరాలతో చెప్పారు."

"ముసలాడి నోటికి తాళం లేదంటారు. చేతికి కూడా లేనట్టుంది," అని ఆయన నవ్వబోయారు. కోడలి ముఖం చూసి మానేశారు. "మీ అత్త పోయిన కొత్తల్లో ఏం చెయ్యాలో తోచేది కాదు. వాళ్ళ పేజీలో చూశాను. గంట సరిగ్గా మోగడం లేదు, ఎవరైనా సాయం చెయ్యండి అని రాసుంది. గంట మోగించడం తప్ప నాకు ఇంకేం వచ్చు? కొత్త భాష నేర్చుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఏదో ఉడతాభక్తిగా చేశాను. అందుకే ఆ పేరు."

"నేను అదే దారాన్ని ఆఫీసులో పెట్టిస్తున్నానని రోజూ భోజనాల దగ్గర చెప్పేదాన్ని. మీరు తలూపుతూ కూర్చునేవారు!"

"చెప్తే ఏమయ్యేది? మామగారి సరుకు తెచ్చి ఆఫీసుకి అంటగట్టింది అనేవాళ్ళు."

"ఇప్పుడూ అదే అంటారు. దాచిపెట్టింది అని కూడా కలుపుతారు."

 ఉచితమ్మ మంచం అంచున కూర్చుని, పొద్దుట మీటింగులో జరిగిందంతా మెత్తనయ్య మాటలతో సహా చెప్పింది.  చివరికి అసలు అడగాల్సింది అడిగింది.

"వాళ్ళు హక్కుల కాగితం పంపించారా?"

"నెల కిందట ఉడుత పేరుకున్న ఈమెయిలుకి పంపించారు. బాగానే ఇస్తామన్నారు."

"సంతకం..."

"పెట్టలేదు. వద్దని ఒక ఉత్తరం రాసి, ఆ కాగితాలతో పాటు తిప్పి పంపెయ్యమని అబ్బాయికిచ్చాను."

అబ్బాయి అంటే ఆమె భర్త; ఉడుత సంగతి అతనికి ముందే తెలుసన్నమాట. ఉచితమ్మ గుండెల నిండా గాలి పీల్చుకుంది. పొద్దుటి నుంచి అదే మొదటిసారి.

"అయితే బతికాం. మామయ్యగారూ, నేను హక్కులు రాసివ్వలేదు, రాసివ్వను అని ఒక్క ముక్క మా లాయరుకి రాసివ్వండి. పాత లైసెన్సే నిలబడుతుంది. మరమ్మతు కూడా అందరికీ ఇవ్వక తప్పదు వాళ్ళకి. మా వైపు నిలబడండి చాలు."

"మీ వైపా?" అన్నారు ఆయన. "ఎందుకమ్మా?"

ఆ ప్రశ్న ఆమె ఊహించలేదు.

"పోయిన ఎండాకాలం మీ ఏడో గిడ్డంగిలో గంట మోగలేదన్నావు, గుర్తుందా? నీ కింద పనిచేసేవాళ్ళు నాలుగు రోజులు నిద్ర మానుకుని తప్పు పట్టుకున్నారన్నావు. ఆ రిపేరు ఏది?"

"మా దగ్గరే ఉంది."

"మీ దగ్గరే ఉంది," అని ఆయన మెల్లగా ఆ మాటే మళ్ళీ అన్నారు. "నా రాతలోని తప్పు అది. నాకు తెలియదు. మీకు తెలుసు. ఆర్నెల్లు పోయాక అదే తప్పు ఇంకో కంపెనీలో బయటపడింది. నేను మళ్ళీ మొదట్నుంచి వెతికాను. ఈ కళ్ళతో రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల్లో వాళ్ళ గిడ్డంగిలో పిల్లల టీకాలు మూడు గదుల నిండా పాడైపోయాయి. పారబోశారు. మీరు ఒక్క గంట పని చేసి ఆ రిపేరు వెనక్కి పంపించుంటే ఆ గదులు నిలిచేవి."

ఉచితమ్మకు ఆ సంగతి తెలియదు. తెలియకపోవడం ఇప్పుడు సాకులా కూడా పనికిరాదు.

"పంపిద్దామన్నాను. అల్లుడుగారు ఒప్పుకోలేదు. మన ఖర్చుతో చేసింది పోటీవాళ్ళకి ఎందుకివ్వాలి అన్నారు."

"నువ్వేమన్నావు?"

"ఊరుకున్నాను."

వీధిలో ఎవరో గేటు వేసిన చప్పుడు. మామగారు కుర్చీని ఆమె వైపు పూర్తిగా తిప్పుకున్నారు. ఆయన గొంతులో కోపం లేదు. అదే ఆమెకు కష్టంగా ఉంది.

"ఉచితం అంటే ఊరికే అని ఒక అర్థం. తగినది అని ఇంకో అర్థం. మీ ఆఫీసువాళ్ళు మొదటి అర్థం దగ్గరే ఆగిపోయారు. చట్టప్రకారం మీరు తప్పు చెయ్యలేదు. మీ నాలుగు గోడల మధ్య వాడుకున్నంతసేపు తిరిగి ఇవ్వమని లైసెన్సు అడగదు. మర్యాద అడుగుతుంది. ఆ మెత్తనయ్యో ఎవరో అన్నావే, వాళ్ళూ ఆకలితోనే తాళం వేశారు. గడ్డి వెయ్యకుండా పాలు పిండుకుంటానంటే ఎంత సాధువైన ఆవైనా తంతుంది. వాళ్ళు తలుపుకి తాళం వేశారు. తప్పే. మీరేమో తలుపే పీక్కుని పట్టుకెళ్ళారు."

"ఇప్పుడేం చెయ్యమంటారు?"

"రెండు పనులు. మీ దగ్గరున్న రిపేర్లన్నీ వెనక్కి ఇవ్వండి. ఆ మూడొందల కంపెనీల్లో వచ్చినవాళ్ళని కలుపుకుని ఒక సంఘం పెట్టండి. తలా కొంచెం వేసుకుని, దారాన్ని చూసుకునేవాళ్ళకి జీతాలివ్వండి. ఆ తొమ్మిదిమందికే ఇవ్వండి, పని తెలిసినవాళ్ళు. సాఫ్ట్‌వేర్ తెరిచే ఉంటుంది, వాళ్ళ పొయ్యీ వెలుగుతుంది. దీనికి మీ పెద్దాయన సరేనంటే నేనే వచ్చి మీ లాయరు ముందు చెప్తాను. కాదంటే ఎవరి వైపూ రాను."

"ఆయన ఒప్పుకోకపోతే నా ఉద్యోగం పోతుంది మామయ్యగారూ."

"తెలుసమ్మా," అన్నారు. ఆ మాట అనేటప్పుడు ఆయన చూపు నేల మీదికి దిగిపోయింది. "ముందు నిజం చెప్పు. నేనెవరో చెప్పు. దాచిపెట్టి కట్టింది నిలబడదు."

*

నాలుగుకు పావుగంట ఉందనగా ఆమె పెద్దాయన గదిలో నిలబడింది. లాయరమ్మ కూడా ఉండాలని అడిగింది. అల్లుడు పిలవకుండానే వచ్చాడు.

అంతా చెప్పింది. ఉడుత ఎవరో, తనకు ఎప్పుడు తెలిసిందో, ఎలా తెలిసిందో. ఏడో గిడ్డంగి రిపేరు సంగతి, ఇంకో కంపెనీలో పారబోసిన టీకాల సంగతి, అందులో తాను ఊరుకున్న సంగతి. మామగారి రెండు షరతులు.  

"బాగుంది నాటకం!" అన్నాడు అల్లుడు. "మామగారు రాస్తారు, కోడలు తెచ్చి ఇక్కడ పెడుతుంది, ఇప్పుడు ఇద్దరూ కలిసి మనకి షరతులు చెప్తారు. సార్, ఇంకా వింటున్నారా? ఈమెని ఇప్పుడే..."

"తెలిసి తెచ్చావా?" అని అడిగారు పెద్దాయన ఆమెను.

"తెలియక తెచ్చాను సార్. ఇవాళ పదకొండున్నరకి తెలిసింది. దాచిపెట్టి మీ పని అయ్యాక చెప్పొచ్చు. అలా చెయ్యాలనిపించలేదు."

పెద్దాయన కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. కింద ఆవరణలో ఒక వ్యాన్ వెనక్కి వస్తోంది.

"నా మొదటి బండి సైకిలు," అన్నారు, వాళ్ళ వైపు తిరక్కుండానే. "వెనకాల మంచుపెట్టె కట్టుకుని ఆసుపత్రికి మందులు మోసేవాడిని. ఒకసారి దారిలో టైరు పేలింది. ఎండ మాడ్చేస్తోంది. మంచంతా నీళ్ళైపోయింది. నాకు పోటీగా తిరిగే ఒకాయన ఉండేవాడు. నా బేరాలన్నీ ఎత్తుకుపోయేవాడు. ఆ దారినే వచ్చాడు. ఆగి, తన పెట్టెలో మంచు సగం విరిచి నా పెట్టెలో పోశాడు. ఎందుకిచ్చావు అన్నాను. మందు తాగేవాడికి నువ్వెవడో నేనెవడో తెలియదురా అన్నాడు."

ఆయన వెనక్కి తిరిగారు.

"ఆ రిపేరు ఇవ్వొద్దన్నది నువ్వేనా?"

అల్లుడి ముఖం ఎర్రబడింది. "వ్యాపారంలో అందరూ..."

"నువ్వేనా?"

"...నేనే."

"నన్నడిగావా?"

 పెద్దాయన కుర్చీలో కూర్చుని లాయరమ్మ వైపు చూశారు. "ఆ సంఘం కుదిరే పనేనా?"

"కుదురుతుంది. వీళ్ళడిగే రుసుము కన్నా తక్కువే పడుతుంది. పైగా రేపు ఎవరూ తాళం వెయ్యలేరు. కానీ ముప్పైఏడో సంతకం లేదన్నది నిలబడాలి. అంతా దాని మీదే ఉంది."

"అమ్మాయ్, మీ మామగారిని పిలువు," అన్నారు పెద్దాయన. "కారు పంపించనా?"

ఉచితమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫోను చేసింది. విషయం విని మామగారు ఒక్క మాటే అన్నారు. "కారెందుకమ్మా, వచ్చేస్తున్నా." గోడ గడియారంలో నాలుగూ ఇరవై.

మళ్ళీ మీటింగు గదిలోకి వెళ్ళేసరికి మెత్తనయ్య ఫోనులో ఏదో చూసుకుంటున్నాడు. ఉచితమ్మే మాట్లాడింది. సంఘం మాట చెప్పింది, తొమ్మిదిమంది జీతాల మాట చెప్పింది. అతను మధ్యలో అడ్డు రాలేదు. వింటున్నకొద్దీ ముఖం మీది నవ్వు కరిగిపోయింది. కింద అలిసిపోయిన మనిషి బయటపడ్డాడు.

"ఈ మాట పది రోజుల ముందు చెప్పుంటే నేనే ముందు చప్పట్లు కొట్టేవాణ్ణి మేడమ్," అన్నాడు. మొదటిసారి అతని గొంతులో మెత్తదనం నటన కాదనిపించింది. "నాకు జీతమిచ్చేవాళ్ళు అప్పుడైతే వినేవాళ్ళు. ఇప్పుడు వినరు. వాళ్ళ చేతికి కావలసింది వచ్చేసింది."

బ్యాగులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద లాయరమ్మ ముందుకు జరిపాడు.

"ముప్పైఏడోది. మధ్యాహ్నం మా ఆఫీసుకి చేరింది. ఇప్పుడే మనిషితో పంపించారు."

లాయరమ్మ చదివింది. రెండోసారి చదివింది. మారుపేరు ఉడుత అని, దాని కింద మామగారి అసలు పేరు, ఇంటి చిరునామా, నిన్నటి తేదీ. హక్కులన్నీ రాసిచ్చినట్టు. అడుగున సంతకం.

"పద్ధతిగానే ఉంది," అంది, ఎవరి ముఖమూ చూడకుండా.

అల్లుడు కుర్చీలో వెనక్కి వాలాడు.  

"పెట్టలేదన్నావు కదమ్మాయ్," అన్నారు పెద్దాయన. ఆయన గొంతు ఇంతకు ముందెప్పుడూ అంత తగ్గలేదు.

ఉచితమ్మ కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. పోయిన ఏడాది పడిపోయినప్పటి నుంచి మామగారి కుడిచెయ్యి వణుకుతుంది. పింఛను కాగితం మీద సంతకం పెట్టాలన్నా అక్షరాలు గాలికి ఊగినట్టు వస్తాయి. ఈ సంతకంలో వణుకు లేదు. ఒక్క ఊపులో పెట్టింది. చివరి అక్షరం తోక పైకి లేచి, చిన్న సున్నాలా మెలి తిరిగి ఆగింది.

ఆ మెలిక ఆమెకు తెలుసు. కూతురి స్కూలు రిపోర్టు మీద, ఇంటి అద్దె కాగితం మీద, పన్నెండేళ్ళుగా తన పేరు పక్కన అన్ని కాగితాల మీదా చూస్తున్న మెలిక అది. ఆమె భర్తది.

 ఇది దొంగ సంతకం అంటే మందులు గట్టెక్కుతాయి, ఇంట్లో మనిషి జైలు మెట్లెక్కుతాడు. నిజమే అంటే...

"మీరు ఇంటి మనిషి కదా మేడమ్," అన్నాడు మెత్తనయ్య. "ఇది మీ మామగారి సంతకమేనా? ఒక్క మాట చెప్పండి చాలు. గొడవ ఉండదు."

అందరూ ఆమె వైపే చూస్తున్నారు. ఆమె నోరు తెరిచింది.

సరిగ్గా అప్పుడే వెనక తలుపు చప్పుడైంది. మామగారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు, ముఖం వెలిగిపోతోంది. మెట్ల దగ్గర తూలిపోకుండా ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని, జాగ్రత్తగా నడిపించుకుంటూ వస్తున్నది ఆమె భర్త.

అతని చూపు ముందు భార్య మీద పడింది. తర్వాత ఆమె చేతిలోని కాగితం మీద.